కిటికీ కింద కదురు

అనగనగా, మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక రేవుపట్నం. చెబుతున్న నాకు సముద్రపు నీళ్లు ఉప్పగా ఉంటాయన్న జ్ఞానం తప్ప మరేమీ లేదు. అయినా వినండి.

ఆ పట్నంలో పాలరాతి గ్రంథాలయం ఒకటి ఉండేది. ఆ కాలాన పుస్తకమంటే చాపలా చుట్టిన పొడుగాటి పత్రం. ఎవరైనా పైకే చదివేవారు. ఆడవాళ్లకు మాత్రం లోపలికి ప్రవేశం లేదు.

థెక్లా అనే అమ్మాయి రోజూ దాని కిటికీ కింద కూర్చుని ఉన్ని వడికేది. ఒకప్పుడు ఆమె తల్లీ అక్కడే వడికింది. నక్షత్రాల గ్రంథం వినడమంటే ఆ తల్లికి ప్రాణం. సముద్రంలో మునిగిన చుక్క ఏ దారిన తిరిగొస్తుందో అందులో ఉందట. సరిగ్గా అక్కడికొచ్చేసరికి చదివే పండితుడు ఆవులించి లేచిపోయేవాడు. ఎవరు చదివినా అంతే. చుక్క సంగతి తేలకుండానే తల్లి కన్నుమూసింది. ఆమె కదురూ, ఆమె బెంగా కూతురికి మిగిలాయి.

థెక్లా సమాధిరాళ్ల మీది పేర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చింది. గ్రంథాలయానికి వెళ్లి, చదువుకుంటానని అడిగింది. పెద్ద పండితుడు బాసిలుడు నవ్వాడు.

“ఇది కట్టిన నాటి నుంచీ లోపల ఆడది లేదమ్మాయీ.”

మళ్లీ వెళ్లి, గుమ్మంలో కూర్చుని వింటానంది. వినడమూ చదువేనని పంపేశాడు.

అసలు గుట్టు గుమ్మం కాపలావాడి గొణుగుడులో బయటపడింది. చివరిదాకా చదివినవాడు పత్రాన్ని తన చేత్తోనే మొదటికి చుట్టాలని అక్కడ ఆచారం. మధ్యలో లేస్తే ఆ పని నౌకర్లది. అందుకని మహాపండితులంతా చివరికి జానెడు దూరంలో లేచిపోయేవారు.

థెక్లా మూడోసారి వెళ్లింది.

“అయ్యా, చివరిదాకా చదవండి. చుట్టే పని నాకొదిలేయండి. వడికిన చేతులు, నొప్పి తెలియదు.”

బాసిలుడు గడ్డం దువ్వుకున్నాడు. ఇది చదువు కాదు, చాకిరీ. చాకిరీకి ఆడవాళ్లను ఆపే నియమం ఏ గ్రంథాలయంలోనూ లేదు. రమ్మన్నాడు.

ఆయన చదివాడు. పడమట మునిగిన చుక్క కొన్నాళ్లు సూర్యుడి చాటున దాగి, ఒక వేకువన తూర్పున తేలుతుందట. థెక్లా కళ్లు నిండాయి. అమ్మ వింటే ఎంత బాగుండేది!

ఇంతలో చివరి వరస దగ్గర ఆయన ఆగిపోయాడు. రాసినవారి పేరు పత్రం చిట్టచివర ఉండటం ఆనవాయితీ. థెక్లా వంగి ఆ వరస పైకే చదివింది.

“నేను యూడోరా, జాలరి కూతురిని. చుక్కలను చూసి ఇది రాశాను.”

తర్వాత మెల్లగా అంది. “నన్ను గుమ్మంలో ఆపారు గానీ అయ్యా, ఈవిడ ఇన్నేళ్లుగా మీ నడిగదిలోనే కూర్చుని ఉంది.”

బాసిలుడు బల్ల మీద కాస్త పక్కకు జరిగాడు.

థెక్లా ఆ చోటు వద్దని, కిటికీ పక్కన కూర్చుంది. అప్పటినుంచి ఏ గ్రంథం చదివినా చివరి పేరుదాకా, వీధికి వినిపించేలా చదివేది. కింద వినే ఆడవాళ్ల కదుళ్లు తిరుగుతూనే ఉండేవి.

నీతి: పుస్తకాన్ని చివరిదాకా చదవనివాడు, దాన్ని రాసినవారినే గుమ్మంలో ఆపుతాడు.