గడప మీద తల్లి

నాటక పోటీలకు ఇంకా పదకొండు రోజులే. గురువు ఆర్కిపస్ మాత్రం రాజు ముఖతొడుగును పెట్టెలోంచి బయటికి తీయలేదు. నికాండర్‌కు తిండి సయించనిది అందుకే.

పూర్వం గ్రీసు దేశపు విషాద నాటకాల్లో మాటలున్న వేషాలన్నీ ముగ్గురే కట్టేవాళ్ళు. ముఖానికి తొడుగులు మార్చుకుంటూ ఆ ముగ్గురే అందరూ అయ్యేవాళ్ళు. ఈ ఏటి నాటకంలో రాజు ఒక్కసారే వస్తాడు. నగరం నడిమధ్య నిలబడి ఆజ్ఞ వేస్తాడు.

"యుద్ధం విడిచి పారిపోయి వచ్చినవాడికి ఈ నగరంలో ఎవరూ తలుపు తీయరాదు. తీసినవారికి మరణం."

ఆ తర్వాత అదే నటుడు, అలా పారిపోయి వచ్చిన ఒకడి తల్లిగా రావాలి.

నికాండర్ ఆ ఆజ్ఞను కొండవాలు రంగస్థలం మీద రోజుకు ముప్పైసార్లు చెప్పేవాడు. తోటి నటుడు హెర్మోన్‌ను ప్రేక్షకుల మెట్ల మీదికి పంపి, గొంతు ఎందాకా వస్తోందో లెక్క చూడమనేవాడు.

"నలభై రెండో మెట్టుదాకా వస్తోంది రాజా," అన్నాడు హెర్మోన్ దిగివస్తూ. "అవతల మేస్తున్న మేకలు కూడా నీ ఆజ్ఞ విని ఇళ్ళకు పోయాయి."

నికాండర్ నవ్వలేదు. ఛాతీ విరుచుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

"విన్నారుగా గురువుగారూ. నలభై రెండు. మన ఊళ్ళో ఇంతవరకూ ముప్పై అయిదు దాటినవాడు లేడు. రాజు వేషం నాకివ్వండి. ఆ తల్లి వేషం హెర్మోన్‌కు ఇచ్చేయండి. రాజుగా నిలబడ్డవాణ్ణి, మళ్ళీ ముసలమ్మలా వంగి ఎలా రాను?"

"వంగమని ఎవరన్నారు?" అన్నాడు ఆర్కిపస్.

పెట్టె తెరిచి తల్లి తొడుగు తీసి అతని ముఖానికి కట్టాడు. రంగస్థలం వెనక గోడకున్న పెద్ద తలుపు లోపలికి పంపి, గడియ వేసుకోమన్నాడు.

తొడుగు కంతల్లోంచి ఆ గడియ తప్ప ఇంకేమీ కనిపించలేదు. నికాండర్ విసుగ్గా నిలబడ్డాడు.

తలుపు మీద ఎవరో తట్టారు. గట్టిగా కాదు. ఇరుగుపొరుగు వింటారేమోనని భయపడేవాడు తట్టినట్టు.

"అమ్మా, నేనే."

అది గురువు గొంతేనని తెలుసు. అయినా చెయ్యి గడియ మీదికి పోయింది. పోయి, ఆగింది. తీసినవారికి మరణం. పొద్దుటినుంచీ ఆ మాట అన్ని మెట్లూ ఎక్కి వచ్చింది గానీ, తనకు ఒక్కసారీ తగల్లేదు.

మళ్ళీ తట్టారు. ఈసారి ఇంకా మెల్లగా.

గడియ తీశాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఎండలో గడప మీద నిలబడ్డాడు, ఊరంతా చూస్తే చూడనీ అన్నట్టు. మెడ వంగలేదు. మెట్ల మీద మళ్ళీ చేరగిలబడిన హెర్మోన్ తనకు తెలియకుండానే లేచి నిలుచున్నాడు.

ఆర్కిపస్ నికాండర్ ముఖం మీంచి తల్లి తొడుగు విప్పి, ఆ గడప మీదే తలుపుకు ఆనించి పెట్టాడు. పెట్టెలోంచి రాజు తొడుగు తెచ్చి అతని చేతికిచ్చాడు.

"ఇప్పుడు వెయ్యి నీ ఆజ్ఞ," అన్నాడు. "మెట్లకు కాదు. ఆవిడకి."