కూగెల్ ఎవరు తిన్నారు?

అనగనగా కృష్ణా కాలవ గట్టున ఒక చిన్న పేట ఉండేదిరా బంగారం. ఆ పేటలో అందరూ యూదులు. మనలాగే తెలుగు మాట్లాడతారు, మనలాగే గోంగూర పచ్చడి నంజుకుంటారు. కానీ శనివారం వాళ్ళకి సబ్బాతు. అంటే దేవుడు విశ్రాంతి తీసుకున్న రోజు. శుక్రవారం పొద్దు గూకిందంటే చాలు, ఇక పొయ్యి వెలిగించరు, నిప్పు ముట్టుకోరు. మళ్ళీ శనివారం చుక్కలు పొడిచేదాకా అంతే.

మరి తిండి ఎలాగంటావా? అన్నీ ముందురోజే వండి పెట్టుకునేవాళ్ళు.

పేట మధ్యలో వాళ్ళు ప్రార్థన చేసుకునే సమాజమందిరం ఉండేది. ఆ ప్రహరీలోనే ఒక మూల రొట్టెల బట్టీ. నఫ్తాలి అని ఒకాయన వారమంతా అందులో రొట్టెలు, బన్నులు కాల్చి అమ్మేవాడు. శుక్రవారం సాయంత్రం రొట్టెలు దిగాక కూడా బట్టీ వేడి చల్లారదు కదా. అప్పుడు పేటలో ఆడవాళ్ళంతా తమ గిన్నెలు తెచ్చి అందులో పెట్టేవాళ్ళు. నఫ్తాలి ఇనప తలుపు మూసి, ఆ రాత్రికి బట్టీ గదిలోనే కాపలా పడుకునేవాడు. ఇక మర్నాడు ప్రార్థన అయ్యేదాకా ఆ గిన్నెలు సన్నని సెగ మీద మగ్గుతూ ఉండేవి.

ఆ గిన్నెల్లో ఏముండేదో తెలుసా? బంగాళదుంప కూగెల్. పేరు వింతగా ఉంది కదూ! ఎప్పుడో చలిదేశం నుంచి వాళ్ళ మతంలోని ఒక ముసలావిడ ఆ పేట చూడ్డానికొచ్చి, ఈ వంట నేర్పి వెళ్ళిందట. మనవాళ్ళు ఊరుకుంటారా? అందులో పచ్చిమిర్చి కలిపారు. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. మన దిబ్బరొట్టె లేదూ, అలాగన్నమాట.

అందరిలోకీ కూగెల్ బాగా చేసేది కెజియమ్మ. దుంపలు చెక్కు తీసి, నీళ్ళల్లో వేసి ఉంచేది. లేకపోతే నల్లబడిపోతాయి. ఆ తర్వాత ఉల్లిపాయతో కలిపి గబగబా తురిమేది. ఆ తురుము పల్చటి బట్టలో మూటగట్టి, నీళ్ళన్నీ కారేలా పిండేది. పిండిన నీళ్ళ అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది చూడు, అది పారబొయ్యకుండా మళ్ళీ తురుములో కలిపేది. అప్పుడు గుడ్లు, ఉప్పు, మిరియాల పొడి, పచ్చిమిర్చి. గిన్నెలో నూనె బాగా కాగాక అదంతా అందులో పోస్తే, చుయ్‌మని పెద్ద చప్పుడు. ఆ వాసనకి పక్కవీధి వాళ్ళు కూడా తొంగి చూసేవాళ్ళు.

ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

ఒక శనివారం ప్రార్థన అయింది. అందరూ ఆవరణలో వరసగా కూర్చున్నారు. నఫ్తాలి బట్టీ తెరిచి గిన్నెలు బయటికి తెచ్చాడు. కెజియమ్మ తన గిన్నె మీద మూత తీసింది. తీసి, అలాగే ఉండిపోయింది.

కూగెల్‌కి ఒక మూల లేదు!

"అయ్యో, నా కూగెల్ ఎవరో కొరికారు!" అంది.

అందరూ వచ్చి చూశారు. పిల్లి పని అయ్యుంటుందన్నారు. మూత పెట్టిన గిన్నెలోకి, ఇనప తలుపు వేసిన బట్టీలోకి పిల్లి ఎలా దూరుతుందని ఒక్కరూ ఆలోచించలేదు. నవ్వుకుని, మిగిలింది తిని ఇళ్ళకెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం ఇంకో ఇంటివాళ్ళ గిన్నెలో అలాగే జరిగింది. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. ఎందుకంటే ముక్క అంచు తిన్నగా ఉంది. కత్తితో కోసినట్టుంది. పిల్లి చేతికి కత్తి ఎవరిస్తారు?

సబ్బాతు నాడు, దేవుడి ఆవరణలో, దొంగతనమా! మనలో మనమేనా!

అప్పుడు వాళ్ళు దెబోరా పెద్దమ్మ వైపు తిరిగారు. ఆవిడెవరో చెప్పలేదు కదూ. ఆవిడ పేటకంతటికీ పెద్దమ్మే. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ప్రతి గురువారం సంచి పట్టుకుని గడపగడపకీ వెళ్ళి, పిడికెడు పిడికెడు బియ్యం పోగుచేసి, లేనివాళ్ళ ఇళ్ళకి పంచేది. తెల్లచీర కట్టుకుని నిటారుగా నడిచేది. ఎవరైనా తప్పు చేస్తే ఆవిడ ఒక్క చూపు చూస్తే చాలు, గజగజలాడేవాళ్ళు.

"పెద్దమ్మా, మీరేమంటారు?" అని అడిగారు.

"నాకేం తెలుసమ్మా," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారమంతా పేటలో గుసగుసలే. బట్టీ తలుపు మూసేదెవరు? నఫ్తాలి. పొద్దున్నే తీసేదెవరు? నఫ్తాలి. మరి కూగెల్ తిన్నదెవరు? ఇంకెవరు, కాపలా ఉన్నవాడే! ఆ మాట ఈ నోటా ఆ నోటా పాకి నఫ్తాలి చెవిన పడింది. పాపం, పిండి కలుపుతున్నవాడు పిండిలోనే చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. రొట్టెలు కొనడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళు కూడా ఆయన మొహం చూడకుండా తీసుకెళ్ళేవాళ్ళు.

కెజియమ్మకి మాత్రం మనసొప్పలేదు. నఫ్తాలి బాబాయి ఎలాంటివాడో ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ దొంగ సంగతేదో తనే చూడాలనుకుంది.

మళ్ళీ శనివారం వచ్చింది. అప్పుడే తెల్లవారింది. నఫ్తాలి మొహం కడుక్కోడానికి కాలవకి వెళ్ళాడు. కెజియమ్మ మెల్లగా ఆవరణలోకి వచ్చింది. బట్టీ గది గొళ్ళెం తీసి ఉంది. లోపలికి తొంగి చూసింది.

చూసి, కొయ్యబారిపోయింది.

పిండి బస్తాల వెనక నేల మీద దెబోరా పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో కూగెల్ ముక్క. పొగలు కక్కుతోంది. ఊదుకునే ఓపిక కూడా లేనట్టు కాలుతుండగానే నోట్లో పెట్టుకుంటోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తింటూనే ఉంది.

అలికిడికి తలెత్తి చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

తిట్టాలా? ఏడవాలా? పారిపోవాలా? కెజియమ్మకి ఏమీ తోచలేదు.

"ఆకలే కెజియా," అంది పెద్దమ్మ. అంతే.

అప్పుడు చూసింది కెజియమ్మ ఆవిడ చేతుల్ని. ఎండుకట్టెల్లా ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. ఇన్నాళ్ళూ ఎదురుగా తిరుగుతున్న మనిషే. ఇన్నాళ్ళూ ఎందుకు కనపళ్ళేదో! కెజియమ్మ తలుపు దగ్గరికి వేసి, బయటికొచ్చేసింది.

ఆ తర్వాత ప్రార్థన జరిగింది. నఫ్తాలి గిన్నెలు బయటికి తెచ్చాడు. మూతలు తీశారు. మళ్ళీ ఒక గిన్నెలో ముక్క లేదు.

ఇక అందరూ భగ్గుమన్నారు. ఒకాయన నఫ్తాలి చొక్కా పట్టుకోబోయాడు. పేటకి పెద్ద ఎలీషా తాత లేచి నిలబడి, "నఫ్తాలీ, ఇక నీ బట్టీలో మా గిన్నెలు పెట్టం. నీ రొట్టె మా ఇళ్ళల్లోకి రాదు. దీనికి నీ సమాధానమేమిటి?" అన్నాడు.

నఫ్తాలి, "నేను తినలేదు తాతా. మీరు నమ్మకపోతే ఈ ఊళ్ళో ఉండను," అన్నాడు. అంత పెద్ద మనిషీ అందరి ముందూ ఏడ్చేశాడు.

నిజం చెబితే పెద్దమ్మ బతుకు పోతుంది. చెప్పకపోతే బాబాయి బతుకు పోతుంది. కెజియమ్మ ఏం చేస్తుంది చెప్పు?

లేచి నిలబడింది. "బాబాయి కాదు. నాకు తెలుసు," అంది.

"మరెవరు?" అన్నాడు ఎలీషా తాత.

కెజియమ్మ తల దించుకుంది.

"ఎవరే? చెప్పు!"

ఊహూఁ. చెప్పదు.

ఆమె మొగుడు యోనా గాభరాగా లేచాడు. "కెజియా... నువ్వేనా?" అన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. అలాగే నిలబడింది. ఆవరణంతా నిర్ఘాంతపోయింది. కూగెల్ చెయ్యడంలో ఇంత పేరున్న మనిషి పక్కవాళ్ళ కూగెల్ దొంగిలించడమేమిటి!

అప్పుడు ఆడవాళ్ళ వరసలో చివర నుంచి ఒక గొంతు వినిపించింది.

"నఫ్తాలి కాదు. కెజియా కాదు. నేను."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. దెబోరా పెద్దమ్మ! గోడ పట్టుకుని నిలబడింది.

"వానల్లో నా గేదె చచ్చిపోయింది," అంది పెద్దమ్మ. "దాని పాలమ్ముకునే ఇన్నాళ్ళూ బతికాను. నోరు తెరిచి అడగడం నాకు చేతకాలేదు. మీరిచ్చిన పిడికెడు బియ్యంలో ఒక్క గింజ ముట్టుకోలేదు. అవి నావి కావు. కానీ ఆ కూగెల్ వాసన వచ్చేసరికి నా చెయ్యి నా మాట వినలేదు. అది ఒక తప్పు. నింద నఫ్తాలి మీద పడుతోందని తెలిసీ నోరు మూసుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు నన్నేం చేస్తారో చెయ్యండి."

ఎలీషా తాత కర్ర చేతిలోంచి జారి కింద పడింది. తీసే ధ్యాస కూడా ఎవరికీ లేదు. ప్రతి గురువారం తమ గుమ్మంలోకి వచ్చి బియ్యం పట్టుకెళ్ళిన మనిషిని, పెద్దమ్మా మీరేం తిన్నారు అని ఒక్కరైనా అడిగారా? అడగలేదు. అది తలుచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

అప్పుడు నఫ్తాలి లేచాడు. విసవిసా బట్టీ వైపు నడిచాడు. ఈయనేం చేస్తాడోనని అందరికీ భయమేసింది. నఫ్తాలి తన సొంత గిన్నె తెచ్చాడు. పెద్దమ్మని కూర్చోబెట్టి, ముందు ఆకు పరిచి, అందులో సగం కూగెల్ పెట్టేశాడు.

"ముందు తినండి పెద్దమ్మా," అన్నాడు. "నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. మీరు తిన్నాక చెప్తాను."

ఆవిడ తింది. కొంచెం కొంచెంగా తింది. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఎవరూ తమ గిన్నె ముట్టుకోలేదు.

ఆవిడ తిన్నాక నఫ్తాలి నిజంగానే కోప్పడ్డాడు! గట్టిగానే కోప్పడ్డాడు. తన మొహం చూడకుండా రొట్టె పట్టుకెళ్ళినవాళ్ళ గురించి చెప్పాడు. రాత్రులు నిద్ర పట్టలేదని చెప్పాడు. పెద్దమ్మ తలొంచుకుని అంతా వింది. "నన్ను క్షమించరా నఫ్తాలీ," అంది. ఎలీషా తాత కూడా లేచి ఆయన దగ్గరికొచ్చి, "నన్నూ క్షమించు నాయనా. చూడకుండానే నోరు జారాను," అన్నాడు. అప్పటికి గానీ నఫ్తాలి మనసు చల్లబడలేదు. కెజియమ్మ మొగుడు మాత్రం ఇంకా తేరుకోలేదు. భార్య వైపే చూస్తూ, "నువ్వెందుకు నిందకి సిద్ధపడ్డావే?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఆయనకింత కూగెల్ పెట్టింది.

ఆదివారం కెజియమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. అక్కడ ఇంకోసారి నిర్ఘాంతపోయింది. కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యిలో బూడిదే లేదు, పచ్చగా గడ్డి మొలిచింది! బియ్యం పంచే సంచి మాత్రం శుభ్రంగా ఉతికి, మడతపెట్టి చిలక్కొయ్యకి తగిలించి ఉంది.

కెజియమ్మ ఆ గడ్డి పీకి పారేసింది. పొయ్యి అలికింది. ఆ తర్వాత, "పెద్దమ్మా, శుక్రవారం మా ఇంటికి రండి. దుంపలన్నీ ఒక్కదాన్నే తురమలేకపోతున్నాను," అంది. పెద్దమ్మ సరేనంది.

శుక్రవారం వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దుంపలు తురిమారు. ఉల్లి ఘాటుకి ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. పొద్దు గూకకముందే గిన్నె పట్టుకెళ్ళి నఫ్తాలి చేతికిచ్చారు. ఆయన దాన్ని బట్టీలో బాగా సెగ తగిలే చోట పెట్టాడు.

మర్నాడు అందరూ ఆవరణలో కూర్చున్నారు. కెజియమ్మ పెద్దమ్మ ఆకులో ఒక ముక్క వేసింది. ఆవిడ తినేసింది. ఖాళీ ఆకు వైపు చూసింది. చుట్టూ ఉన్న జనం వైపు చూసింది. అప్పుడు అందరికీ వినపడేలా, "కెజియా, ఇంకో ముక్క వెయ్యవే. ఆకలిగా ఉంది," అంది.

ఆవరణంతా ఉలిక్కిపడింది. దెబోరా పెద్దమ్మ అడిగింది! నోరు తెరిచి అడిగింది! ఆ వెంటనే అటువైపు నుంచి ఒక గిన్నె, ఇటువైపు నుంచి ఒక గిన్నె, వెనక నుంచి ఒక గిన్నె, అన్నీ ఆవిడ ఆకు మీదికే వంగాయి.

కథేమో కంచి దారి పట్టింది,
మా బంగారు కళ్ళకి నిద్దర పట్టింది.
కంచికెళ్ళే కథకి తలుపు తీశాను,
ఇంట్లో ఉన్న నీకు దుప్పటి వేశాను.