ప్రశ్న పూర్తికాకముందే

బొబ్బిలిలో కౌముది అనే తొమ్మిదో తరగతి అమ్మాయి ఉండేది. ఆమెకు లోకంలోని సంగతులు ఎన్నో తెలుసు గానీ, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం లేదు.

ఏ దేశానికి ఏది రాజధానో, ఏ పక్షి ఎగరలేదో, ఏ కోటను ఎవరు కట్టించారో అడగడమే ఆలస్యం, చెప్పేసేది. అడగడం కూడా ఆలస్యం కాదు, అడగబోతుండగానే చెప్పేసేది. జిల్లా క్విజ్ పోటీలో మొదటి దశ జరిగినప్పుడు, ప్రశ్న చదివే సారు "మూడు గుండెలు, నీలి రంగు..." అనేలోగానే బజరు కొట్టి "ఆక్టోపస్" అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆమె చెవుల్లో అలా నిలిచిపోయాయి. ఆ తర్వాత ఇంట్లో, బడిలో, వీధిలో ఎవరు నోరు తెరిచినా ఆమెకు అది క్విజ్‌లాగే అనిపించేది.

"కౌముదీ, పాలు..." అనేది అమ్మ వంటింట్లోంచి.

"ఇప్పుడొద్దమ్మా, తర్వాత తాగుతాను!"

"పాలవాడు ఇవాళ రాలేదు, కొట్టుకెళ్ళి ఒక ప్యాకెట్ పట్టుకురా అని చెప్పబోతున్నానే తల్లీ."

పోటీలో కౌముదికి జోడీ సల్మా. ఇద్దరూ ఒకే తరగతి, ఒకే బెంచీ. సల్మా కూడా బాగా చదివే పిల్లే. కానీ ఆమె మాట మొదలుపెడితే కౌముది పూర్తిచేసేది. కొన్నాళ్ళకి సల్మా మొదలుపెట్టడమే తగ్గించేసింది.

కౌముదికి ఈ ప్రశ్నల పిచ్చి పట్టించింది వాళ్ళ అమ్మమ్మ వరహాలమ్మ. ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే పేపరు వచ్చాక, పడక్కుర్చీలో కూర్చుని మనవరాలిని ప్రశ్నలు అడగడం ఆవిడకు కాఫీ తాగడం లాంటిది. అది లేకపోతే రోజు మొదలయ్యేది కాదు.

ఒకరోజు ఆవిడ, "గంగానది వెళ్ళి కలిసే..." అన్నారు.

"బంగాళాఖాతం!" అంది కౌముది.

"ఆగవే. గంగానది వెళ్ళి కలిసే బంగాళాఖాతంలో కలవకుండా, పడమటి వైపు పారే పెద్ద నది ఏది అని నా ప్రశ్న."

"నర్మద. చెప్పేశానుగా."

"రెండోసారి చెప్పావు. మొదటిసారి నువ్వు చెప్పింది నా ప్రశ్నకి జవాబు కాదు, నీ ప్రశ్నకి జవాబు."

"చివరిదాకా వింటూ కూర్చుంటే పక్క జట్టు వాళ్ళు బజరు కొట్టేస్తారు అమ్మమ్మా!"

"ఆ బజరు అక్కడ బల్ల మీద ఉంటుంది. మనింట్లో లేదు కదే?" అన్నారు వరహాలమ్మ నవ్వుతూ. ఆ మాట పూర్తయ్యేసరికి కౌముది జడ అల్లుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

జిల్లా పోటీ చివరి దశ విజయనగరంలో సోమవారం పెట్టారు. ముందురోజు ఆదివారం. అమ్మా నాన్నా సాలూరులో బంధువుల ఇంట నిశ్చితార్థానికని తెల్లారే బయల్దేరారు. ఇంట్లో అమ్మమ్మా మనవరాలే మిగిలారు. సల్మా వస్తే ఇద్దరూ కూర్చుని సాధన చెయ్యాలనుకున్నారు.

పేపరు వచ్చింది. ఇద్దరూ ఇడ్లీలు తిన్నారు. వరహాలమ్మ పడక్కుర్చీలో కూర్చున్నారు. కౌముది నేల మీద పుస్తకాలు పరుచుకుని, తల వంచుకుని తిరగేస్తోంది.

"కౌ...ముదీ..." అన్నారు వరహాలమ్మ. గొంతు కాస్త ముద్దగా వచ్చింది. "నా... నాలిక..."

"నాలుక!" అంది కౌముది తల ఎత్తకుండానే. "ఒంట్లో అన్నిటికన్నా బలమైన కండరం అంటారు. కానీ అది నిజం కాదు. నన్ను బోల్తా కొట్టించలేవులే అమ్మమ్మా."

వరహాలమ్మ ఎడమచేత్తో కుడిచేతిని తడుముకున్నారు. తర్వాత మళ్ళీ, "చె... చెయ్యి..." అన్నారు.

"ఒక చేతిలో ఇరవై ఏడు ఎముకలు. మణికట్టుతో కలిపి. ఇంకోటి అడుగు."

అమ్మమ్మ ఇంకోటి అడగలేదు. అలిగిందేమో అనుకుంది కౌముది. ఎప్పుడైనా తను మరీ తొందరపడితే ఆవిడ అలాగే మౌనంగా ఊరుకునేవారు. కాసేపటికి తనే దారికొస్తుందిలే అనుకుని దేశాల జెండాల పుస్తకం తీసింది. అందులో మునిగిపోయింది. పేపరు అమ్మమ్మ ఒళ్ళోంచి జారి నేల మీద పడింది. కౌముది దాన్ని తీసి టీపాయి మీద పెట్టి, మళ్ళీ జెండాల్లోకి వెళ్ళిపోయింది. పైకి చూడలేదు.

సల్మా వచ్చేసరికి పది దాటింది.

"అమ్మమ్మగారూ, బాగున్నారా?" అంటూ సల్మా చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. జవాబు కోసం అలవాటుగా నిలబడింది. వరహాలమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. సల్మా ఇంకా నిలబడే ఉంది.

"గ్లా..." అన్నారు ఆవిడ చివరికి.

"గ్లాసులో మంచినీళ్ళు కావాలిట. ఇవ్వవే" అంది కౌముది పేజీ తిప్పుతూ.

సల్మా నీళ్ళు తెచ్చింది. గ్లాసు అందించబోయి ఆగిపోయింది. "కౌముదీ, ఇలా చూడు. అమ్మమ్మగారి నోరు ఒక పక్కకి జారినట్టు లేదూ?"

కౌముది తలెత్తింది.

అమ్మమ్మ పెదవి కుడి కొస కిందికి వేలాడుతోంది. కుడి చెయ్యి కుర్చీ పక్కనుంచి కిందికి జారి, తనది కానట్టు ఊగుతోంది. కళ్ళు మాత్రం కౌముదినే చూస్తున్నాయి. ఆ కళ్ళు ఎంతసేపట్నుంచి తనను అలా చూస్తున్నాయో కౌముదికి తెలియదు.

ముఖం వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఈ మూడూ దేనికి గుర్తులో ఆ పిల్లకు తెలుసు. ఆరోగ్యం మీద అడిగే ప్రశ్నల్లో అది ఎన్నోసార్లు వచ్చింది. ప్రతిసారీ సగంలోనే 'పక్షవాతం' అని చెప్పి మార్కులు కొట్టేసింది. ఇవాళ అమ్మమ్మ ఆ గుర్తులు ఒక్కొక్కటిగా తనకే చెప్పబోయింది. నాలుక అంది. చెయ్యి అంది. తను ఎముకలు లెక్కపెట్టింది.

సల్మా గ్లాసు అమ్మమ్మ నోటి దగ్గరకు తీసుకెళ్ళబోయింది.

"వద్దు!" అని కౌముది అరిచింది. "నీళ్ళు పట్టకు. మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అమ్మమ్మని పక్కకి తిప్పి పట్టుకో." 108కి ఫోన్ చేసింది. ఎదురింటి అప్పలస్వామి మావయ్యని కేకేసింది. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, అమ్మమ్మకి..." అని, మిగతా మాట చెప్పలేక ఏడ్చేసింది.

విజయనగరం ఆసుపత్రికి చేరేసరికి సాలూరు నుంచి అమ్మా నాన్నా కూడా వచ్చేశారు. వరహాలమ్మను స్కానింగుకి తీసుకెళ్ళారు. నడివయసు డాక్టరు ఒకావిడ వేగంగా బయటికొచ్చి, "ఇది ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

"ఇప్పుడేనండీ" అన్నాడు అప్పలస్వామి. "పిల్లలు కేకెయ్యగానే వచ్చాం. బండి రాగానే ఎక్కించేశాం."

"మీరు వచ్చింది కాదండీ నేనడిగేది. ఆవిడ మామూలుగా మాట్లాడుతుండగా చివరిసారి ఎవరు చూశారు? ఎప్పుడు? అది సరిగ్గా తెలియాలి. మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు ఉంది. వేళ మించాక ఇస్తే మేలు జరగదు సరికదా, ప్రాణానికే ముప్పు."

అమ్మ కౌముది వైపు చూసింది. "సల్మా వచ్చాకే కదమ్మా?" అంది.

అవును అంటే సరిపోతుంది. పొద్దున ఏం జరిగిందో అమ్మమ్మకి, తనకి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మమ్మ ఇప్పుడు చెప్పగలిగే స్థితిలో లేదు. కౌముది నాలుక చివర ఆ 'అవును' సిద్ధంగా ఉంది. కానీ డాక్టరు అడిగిన ప్రశ్న మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆమె చెవుల్లో ఉంది. 'ప్రాణానికే ముప్పు' అన్న మాట కూడా ఉంది.

"కాదు" అంది. డాక్టరు వైపు తిరిగింది. మళ్ళీ చెప్పింది. "కాదండీ. పేపరు వచ్చినప్పుడు మామూలుగానే ఉంది. ఇడ్లీలు తిన్నాక, ఎనిమిదిన్నర దాటి ఉంటుంది, మాట ముద్దగా వచ్చింది. నాలుక అంది. తర్వాత చెయ్యి అంది. నాకు చెప్పబోయింది. నేను... నేను వినలేదు. క్విజ్ ప్రశ్న అనుకున్నాను."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న గోడకి ఆనుకున్నాడు.

డాక్టరు చేతి గడియారం చూసుకుంది. కౌముది భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. "ఇంకా వేళ ఉంది. ఎక్కువ లేదు. నిజం చెప్పావు, మంచిపని చేశావు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. అమ్మ కౌముదిని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది కౌముదికి.

సాయంత్రం డాక్టరు వచ్చి, "మందు పనిచేసింది. గండం గడిచినట్టే. చెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వస్తుంది. మాట రావడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. మునుపటంత ధారాళంగా రాకపోవచ్చు" అంది.

"ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే?" అని నాన్న అడిగాడు.

"కొంత తేడా ఉండేదేమో. ఎంత అన్నది నేను చెప్పలేను" అంది డాక్టరు.

మర్నాడు అదే ఊళ్ళో క్విజ్ పోటీ జరిగింది. పేర్లు పిలిచినప్పుడు కౌముదీ, సల్మా అక్కడ లేరు. ఇద్దరూ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నారు. పోటీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వరహాలమ్మ ఇంటికి వచ్చాక, మాట నేర్పడానికి ఒకావిడ వారానికోసారి వచ్చేది. ఆవిడ ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "టీచరుగారికి అన్నీ తెలుసు. అన్నీ గుర్తున్నాయి. మాట బయటికి రావడానికే ఇబ్బంది. ఆవిడ మాట మీరెవరూ పూర్తి చెయ్యకండి. సగంలో అందుకోకండి. ఎంతసేపైనా సరే, ఆగండి. రోజూ ఎవరైనా కూర్చుని చిన్న చిన్న ప్రశ్నలు అడగండి."

"నేను అడుగుతాను" అంది కౌముది.

అది ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. 'ఆకాశం రంగేమిటి' అని అడిగితే అమ్మమ్మ 'నీ' అని, కళ్ళు మూసుకుని, మిగతా అక్షరాల కోసం ఎక్కడెక్కడో వెతికేవారు. నుదుటి మీద చెమట పట్టేది. కౌముది నాలుక మీద ఆ మాట గంతులేసేది. ఒకసారి ఆగలేక 'నీలం' అని అందించేసింది. అమ్మమ్మ మొహం పక్కకి తిప్పుకుని, ఆ రోజు ఇంక మాట్లాడలేదు. అమ్మమ్మకి అందాల్సిన మాటను తను లాగేసుకున్నానని కౌముదికి అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఆమె చేతులు ఒళ్ళో కట్టుకుని, పెదవులు బిగించి కూర్చునేది. రోజులు గడిచేకొద్దీ ఇంట్లో అందరి మాటా చివరిదాకా వినడం మొదలుపెట్టింది. బడిలో సల్మా మాట మధ్యలో ఆగితే, "చెప్పవే" అని ఎదురుచూసేది.

చలికాలం వచ్చేసరికి వరహాలమ్మ కుడిచేత్తో గ్లాసు పట్టుకోగలుగుతున్నారు. ఒక సాయంత్రం సల్మా కూడా వచ్చింది. ముగ్గురి ముందూ టీ ఉంది.

"నాగావళి నది ఎక్కడ పుట్టింది అమ్మమ్మా?" అని అడిగింది కౌముది.

"ఒ..." అన్నారు వరహాలమ్మ.

'ఒడిశా' అనుకుంది కౌముది మనసులో. పైకి అనలేదు. ఆగింది. సల్మా కూడా ఆగింది.

"ఒక్క..."

కౌముది కనుబొమలు ముడిపడ్డాయి. అయినా ఆగింది.

"ఒక్క...దానివే... అడుగు...తావా?" అన్నారు వరహాలమ్మ. ఊపిరి తీసుకున్నారు. పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. "నన్నూ... అడగ...నీ."

కౌముది నిర్ఘాంతపోయింది. సల్మా ఫక్కున నవ్వింది. కౌముదికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అడుగు అమ్మమ్మా, అడుగు" అంటూ కుర్చీ దగ్గరకు జరిగి కూర్చుంది.

వరహాలమ్మ కళ్ళు మూసుకుని ప్రశ్న మొదలుపెట్టారు. ఒక్కొక్క మాటా దూరం నుంచి నడిచి వస్తున్నట్టు వచ్చింది. మూడో మాటకే కౌముదికి జవాబు తట్టింది. ఆమె చెప్పలేదు. అమ్మమ్మ పెదవులనే చూస్తూ కూర్చుంది. ప్రశ్న పూర్తయ్యేసరికి ముగ్గురి టీ చల్లారిపోయింది. వరహాలమ్మ కళ్ళు తెరిచి, ఇంక చెప్పు అన్నట్టు తల ఊపారు. కౌముది అప్పుడు జవాబు చెప్పింది.

నీతి: ఎన్ని జవాబులు తెలిసినా, ఎదుటివారి మాట చివరిదాకా విననివారికి ఆ తెలివి వేళకు అక్కరకు రాదు.