దాలమ్మ ఇసుక గూళ్ళు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి వినలేదు, ఆ తప్పు మీది కాదు. దగ్గరికి జరగండి. కాళ్ళు చాపుకుని కూర్చోండి. ఈ కథకు చెవులతో పాటు కాళ్ళూ కావాలి.

ఎంత వెనకటి మాటో లెక్క తెలియదు. సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళుండేవి. కాలువలోంచి సముద్రపు నీళ్ళు మళ్ళలోకి వదిలేవాళ్ళు. ఎండకు నీళ్ళు ఆవిరైపోతే అడుగున ఉప్పు తెల్లగా పేరుకునేది. ఆడవాళ్ళు గట్టు మీదే నిలబడి, పొడుగు కర్రకు బిగించిన పలకతో ఆ ఉప్పును లాగేవాళ్ళు. మడిలో కాలు పెట్టేవాళ్ళు కాదు. పెడితే అడుగున బురద లేస్తుంది. బురద లేస్తే ఉప్పు ఎర్రబడుతుంది. ఎర్ర ఉప్పు ఎవరికీ అక్కర్లేదు.

ఆ మళ్ళలో దాలమ్మ చిన్నప్పటి నుంచీ ఉప్పు మోసింది. మోసి మోసి ఆమె పాదాలు పగిలాయి. పగుళ్ళలో ఉప్పు దిగి పుళ్ళు పడ్డాయి. ఇక మొయ్యలేకపోయింది. నా అనేవాళ్ళు లేరు. అప్పుడు తల్లులంతా ఒక మాట అనుకున్నారు.

"అత్తా, మేం పనిలో ఉన్నంతసేపూ మా గుంటల్ని చూసుకో. తలా ఒక గిద్దెడు గంజి నీకు పోత్తాం."

గుంటలంటే పిల్లలు. అక్కడ అలాగే అంటారు. దాలమ్మ సరేనంది. మొత్తం పందొమ్మిది మంది. దాలమ్మకు భయం ఎక్కువ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఊరికే తోచక ఇంకోసారి తలలు లెక్కపెట్టుకునేది.

మొదట్లో ఆమెకు పిల్లల్ని ఎలా ఆపాలో తెలియలేదు. "మడిలోకి ఎల్లకండిరా, దెయ్యముంది, కాళ్ళు పట్టుకు లాగేత్తాది" అంది. అంతే. పందొమ్మిది మందీ దెయ్యాన్ని చూడ్డానికి మడిలోకి దిగారు. మోకాళ్ళ దాకా బురద పూసుకుని తిరిగొచ్చారు.

"దెయ్యం రాలేదు మామ్మా. రేపు మళ్ళీ చూత్తాం" అంది అసిరి. అందరిలోకీ చిన్నది. నాలుగేళ్ళుంటాయేమో.

ఉప్పుమళ్ళ మేస్త్రి గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. ఎర్రబడ్డ ఉప్పు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నడవలేని దానివి, పరిగెత్తే గుంటల్ని నువ్వేటి ఆపుతావే? మూడు రోజులు చూత్తాను. ఇంకొక్క అడుగు మడిలో కనబడిందా, పిల్లలున్న ఆడది ఒక్కర్తీ పనికి రానక్కర్లేదు."

పని లేకపోతే గంజి లేదు. దాలమ్మకూ లేదు, ఆ పందొమ్మిది మందికీ లేదు. ఆ రోజంతా ఆమె అదే ఆలోచించింది. చివరికి ఒక సంగతి తట్టింది. వద్దంటే కాళ్ళు అటే పోతాయి. కళ్ళకు వేరే పని చూపిస్తే కాళ్ళు వాటి వెంటే వస్తాయి.

మొదటి రోజు దాలమ్మ తాటాకు చీల్చింది. రెండు ముక్కలు అడ్డంగా పెట్టి, తుమ్మముల్లు గుచ్చి, పుల్లకు తగిలించింది. గాలికి గిర్రున తిరిగింది. ఏం కొనలేదు, ఎవర్నీ అడగలేదు. పందొమ్మిది గిరకలు చేసి పందొమ్మిది చేతుల్లో పెట్టింది.

"కాళ్ళు గట్టు మీద, కళ్ళు ఆట మీద" అంది.

"కాళ్ళు గట్టు మీద, కళ్ళు ఆట మీద" అని పిల్లలు అరుస్తూ గట్టు వెంట పరిగెత్తారు. మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. తలలు మడి వైపు తిరిగాయి. దాలమ్మ చప్పట్లు చరిచింది. "గాలికి అలుపొచ్చింది. మీరే గాలవ్వండి, ఊదండి" అంది. సాయంత్రం దాకా బుగ్గలు ఉబ్బించి ఊదారు. మడిలో ఒక్క అడుగు లేదు.

రెండో రోజు తిని పారేసిన తాటి బుర్రలు ఏరింది. రెండేసి బుర్రల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలిస్తే బండి. ఏం కొనలేదు, ఎవర్నీ అడగలేదు.

"కాళ్ళు గట్టు మీద, కళ్ళు ఆట మీద" అంది.

బళ్ళు గట్టు మీద వరసగా పోయాయి. అసిరి బండి ఒరిగి మడిలో పడింది. అసిరి కాలెత్తింది.

"ఒలే అసిరీ, కాలు!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. పిల్ల ఒంటికాలి మీద కొంగలా నిలబడింది. దాలమ్మ దేక్కుంటూ వెళ్ళి, పలక కర్రతో బండిని ఒడ్డుకు లాగింది. దూరంగా గవరయ్య చూస్తూ నిలబడ్డాడు. మడిలో ఒక్క అడుగు లేదు.

మూడో రోజు దాలమ్మ ఆట ఏదీ తెచ్చుకోకముందే సముద్రం మీంచి మబ్బొచ్చింది. కాలం కాని కాలంలో నల్లటి మబ్బు. వాన పడితే పేరుకున్న ఉప్పంతా కరిగిపోతుంది. తల్లులంతా అవతలి గట్టు మీదికి పరిగెత్తారు. ఉప్పు లాగడం, కుప్ప పొయ్యడం, తాటాకు కప్పడం. తలెత్తే తీరిక ఎవరికీ లేదు.

ఉరిమింది. ఒక పిల్ల "అమ్మా" అంది. ఇంకొకడు "అమ్మా" అన్నాడు. పందొమ్మిది మందీ "అమ్మా" అని ఏడుపు ఎత్తుకున్నారు. అమ్మలు కనబడుతూనే ఉన్నారు. మధ్యలో మడి ఉంది. అడ్డంగా పరిగెత్తితే అమ్మ ఒళ్ళో పడొచ్చు. తాటాకు గిరకలు గాలికి ఎగిరిపోయాయి, బుర్రల బళ్ళ వైపు ఎవరూ చూడలేదు.

దాలమ్మ చుట్టూ చూసింది. కాలువ తవ్వి పోసిన తడి ఇసుక తప్ప ఏమీ లేదు. ఆమె ఆ ఇసుకలో కూలబడి, పుళ్ళు పడ్డ తన పాదాన్ని చాపి, మీద ఇసుక పోసి గట్టిగా ఒత్తింది. ఉప్పు ఇసుక. పుండు మీద నిప్పు పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టి నవ్వింది.

"ఇదిగో, పిచ్చుక గూడు. కాలు లోపలుంటే గూడు నిలుత్తాది. మీ అమ్మ వచ్చి కాలు మెల్లిగా తీసేదాకా ఎవరి గూడు నిలబడితే ఆళ్ళు నెగ్గినట్టు. నా గూడు నాను కట్టేశాను. ముందు నాను కాలు తీశానా, ఓడిపోయినట్టే. రండి, నన్ను ఓడించండి."

ఏడుస్తూనే ఒకడు కూర్చున్నాడు. ముక్కు తుడుచుకుంటూ ఇంకొకతె కూర్చుంది. చివరికి అసిరి కూర్చుంది. పందొమ్మిది చిన్న పాదాల మీద ఇసుక గూళ్ళు లేచాయి. ఉరిమినప్పుడల్లా పిల్లలు ఉలిక్కిపడి దాలమ్మ కాలు వైపు చూశారు. ఆ కాలు కదల్లేదు. వాళ్ళ కాళ్ళూ కదల్లేదు.

ఆఖరి కుప్ప మీద ఆఖరి ఆకు పడ్డాక వాన మొదలైంది. తల్లులు గట్టు చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చారు. ఎవరి పిల్ల దగ్గర వాళ్ళు కూర్చుని, పిల్లలు చెప్పినట్టే గూడు చెదరకుండా పాదం మెల్లిగా బయటికి తీసి, చంకనెత్తుకున్నారు. అసిరి తల్లి నూకాలు అందరికంటే వెనక వచ్చింది. ఆమె కూడా కూతుర్ని ఎత్తుకుంది.

గవరయ్య మళ్ళన్నీ తిరిగి చూసొచ్చాడు. ఒక్క అడుగు లేదు. కుప్పల్లో ఉప్పు మల్లెపువ్వులా ఉంది. దాలమ్మ ఇంకా ఇసుకలోనే ఉంది.

"ఇంకా కూర్చున్నావేటే? అందరూ ఎల్లిపోతన్నారు, లే."

"ఎలా లెగుత్తాను బాబూ? అమ్మొచ్చి తియ్యాలని నానే చెప్పాను కదా" అని దాలమ్మ నవ్వింది. కాలు లాక్కునే ఓపిక ఆమెకు లేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

నూకాలు చంకలోంచి అసిరి జారి దిగింది. వానలో తిరిగొచ్చి దాలమ్మ కాలి దగ్గర చతికిలబడింది. రెండు చేతులతో ఇసుక కొంచెం కొంచెంగా తీసింది.

"మీ యమ్మ రాలేదు కదా మామ్మా. నానొచ్చాను" అంది.

ఇసుక కింద ఎర్రబడ్డ పాదం బయటపడింది. గవరయ్య చూశాడు. తలపాగా విప్పి ఆ పాదానికి చుట్టాడు. తర్వాత దాలమ్మను తనే వీపున ఎక్కించుకుని గుడిసెలో దింపాడు. మర్నాడు పిల్లలున్న తల్లులంతా పనిలోకి వెళ్ళారు. ఆ తర్వాతా వెళ్ళారు.

దాలమ్మ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. చాలా మంది పిల్లల్ని లెక్కపెట్టుకుంది. పోయినప్పుడు ఒడ్డునే ఇసుకలో పెట్టారు. పైన ఇసుక గట్టిపడాలని గవరయ్య కొడుకు పారతో కొట్టబోతే, అప్పటికి పెద్దదైన అసిరి పార పట్టుకుంది. చిన్నాపెద్దా అందరూ అరచేతులతోనే ఒత్తారు, గూడు ఒత్తినట్టు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఉప్పు లాగడం మొదలయ్యే రోజు పిల్లలు తడి ఇసుకలో కాళ్ళు పెట్టి గూళ్ళు కడతారు. ఎవరి కాలు వాళ్ళు తీసుకోరు. ఇంకొకరు వచ్చి తియ్యాలి. తియ్యడానికి ఎవరూ రాని పిల్ల ఒకతె మిగిలిపోతే, ఎవరో ఒకరు వెనక్కి తిరిగి వెళ్ళి చెబుతారు: "మీ అమ్మ రాలేదు కదా, నేనొచ్చాను."

పిల్లలూ, మీరున్నచోట సముద్రం లేకపోవచ్చు. ఇసుక కూడా దొరకకపోవచ్చు. దుప్పటి కుప్ప చేసినా గూడే. ఏం కొనక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. మీకంటే చిన్నవాళ్ళు అమ్మ కోసం ఏడుస్తుంటే, వాళ్ళ కాలి మీద ఆ దుప్పటి ఒత్తి, దాలమ్మ కథ చెప్పండి. చెప్పడం అయ్యాక మాత్రం లేచి వెళ్ళిపోకండి. ఆ కాలు మీరే మెల్లిగా బయటికి తియ్యండి.