పుల్లన్నకు వచ్చిన సీ గ్రేడు

ఎండాకాలం వచ్చిందంటే ఆ వాగులో నీళ్లుండవు, ఒట్టి ఇసుకే. ఆ ఇసుక ఒడ్డునే జంతువుల విద్యాపీఠం ఉండేది. కింది తరగతుల కుందేళ్లు, ఉడతలు గెంతుతూ వచ్చి గెంతుతూ పోయేవి. పీజీ వాళ్లు మాత్రం గెంతేవారు కాదు. వాళ్లని ఎక్కడున్నా ఇట్టే పోల్చుకోవచ్చు. కళ్లు గుంటలు పడి ఉంటాయి, తోకలో ఊపుండదు, "ఎప్పుడయిపోతుంది?" అని అడిగితే మొహం పక్కకి తిప్పుకుంటారు. పాపం, వాళ్లని ఆ మాట అడక్కూడదు.

పుల్లన్న అనే ఎద్దు ఆ బాపతే. ఇసుకలో నీటి జాడ పట్టి చెలమ తీయడం అతని చదువు. గైడు నక్క ఆచార్యులవారు. నీళ్ల విషయంలో ఆచార్యులవారికి తాగడం బాగా తెలుసు. మిగతాదంతా పుల్లన్నే చూసుకునేవాడు.

చెలమ తీయడం ఒకనాటితో పోయే పని కాదు. ఇవాళ తీస్తే రేపటికి గట్టు జారి గుంట పూడుతుంది. రోజూ తెల్లారేసరికి దిగి, కొమ్ములతో, గిట్టలతో ఇసుక తోసి, నీరు ఊరి తేటపడేదాకా కాచుకోవాలి. ఆచార్యులవారి అసిస్టెంటుగా పుల్లన్న మూడు ఎండాకాలాలు అదే చేశాడు. అందుకు రోజూ ఇంత మేత వేసేవారు. ఎండెక్కాక ఆచార్యులవారు అతిథులను వెంటేసుకుని వచ్చి, "ఇదే నా చెలమ" అని మీసం దువ్వేవారు. వాళ్లు "ఆహా" అనేవారు. పుల్లన్న పక్కన నిలబడి రొప్పుతూ ఉండేవాడు.

పుల్లన్నకు పరీక్షలన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, చెలమ పరిశోధనకు గ్రేడు. అది వేయాల్సింది గైడు. ప్రతి సెమిస్టరు చివరా పుల్లన్న తలొంచుకుని వెళ్లేవాడు.

"గురువుగారూ, ఈసారైనా..."

"అయిపోయినట్టేరా నాయనా. అక్కడక్కడ చిన్న మెరుగులు, అంతే. ఇప్పుడు తొందరపడి బీ వేయించుకుంటావా, ఆగి ఏ వేయించుకుంటావా? ప్రస్తుతానికి అసంపూర్తి అని పెడతాను. నీ మంచికే చెబుతున్నా."

"ఇంటి దగ్గర తమ్ముడు ఎదురుచూస్తున్నాడండీ."

"తమ్ముళ్లెక్కడికి పోతారు?"

ఎక్కడికీ పోలేడు, నిజమే. అదే కదా పుల్లన్న బాధ. దిగువ మందలో ఇంటికొకరు గానుగ తిప్పాలని కట్టుబాటు. ఆ వంతు పుల్లన్నది. అన్న చదువుకుంటాడని తమ్ముడు బొల్లడు కళ్లకు గంతలు కట్టించుకుని ఆ వంతుకు దిగాడు. పీఠం పట్టా తెచ్చినవాడు మందకు నీటిపెద్ద అవుతాడు, నీటిపెద్ద ఇంటికి గానుగ వంతు ఉండదు. పట్టా లేకుండా తిరిగొస్తే, చదువు పేరుతో వంతు తప్పించుకున్నందుకు ఇద్దరూ గానుగకే. మొన్న అటునుంచి వచ్చిన కొంగ చెప్పింది: "మీ బొల్లడికి గంతలు విప్పినా చూపు సరిగ్గా ఆనడం లేదయ్యా." ఆ మాట విన్నప్పటి నుంచి పుల్లన్నకు మేత సయించడం లేదు.

ఆ ఏడు తాబేలు రిజిస్ట్రారు ఆచార్యులవారిని పిలిపించింది. తాబేలు ఎవరినీ తిట్టదు, ఎవరినీ పొగడదు. నిబంధనలు అప్పజెబుతూ ముసలిదైపోయింది.

"అయ్యా, అసంపూర్తి ఇంక పొడిగించడానికి లేదు. ఏదో ఒక అక్షరం వేయండి."

నక్క చెవులు రిక్కించింది. "వేయకపోతే?"

"దానంతట అదే ఎఫ్ అయిపోతుంది. కుర్రాడు ఇంటికి పోతాడు."

ఆచార్యులవారు తోక కింద పరుచుకుని ఆలోచనలో పడ్డారు. ఏ వేసినా, బీ వేసినా ఎద్దు పాసై పోతుంది. ఎఫ్ వేసినా ఇంటికి పోతుంది. ఎటు పోయినా చెలమలో ఇసుక తోసే దిక్కుండదు. ఎండలు ముదిరాయి, పైగా వచ్చేవారం ఏనుగమ్మ తనిఖీ. ఆవిడ ఉపకులపతి. చెలమ చూసి మెచ్చుకుంటే ఆచార్యులవారికి డీన్ పదవి ఖాయమని పీఠమంతా అనుకుంటోంది.

"సీ వేస్తే?" అంది నక్క మెల్లగా.

"పీజీలో బీ కంటే దిగితే పాసు కాదు. సగటు కూడా బీ కిందికి జారుతుంది. ప్రొబేషన్‌లో పడతాడు. బాగుపడడానికి ఇంకో సెమిస్టరు ఇస్తాం."

"అంటే పోడు, పాసూ అవడు."

"అవడు."

"సీ వేసుకోండి," అని ఆచార్యులవారు లేచి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు. తాబేలు ఇంకా ఏదో చెప్పబోయింది. కానీ తాబేలు నోరు తెరిచేసరికి నక్క గుట్ట దాటేసింది.

సంగతి తెలిసి మేక గవరమ్మ ఆఫీసు ముందుకు పరిగెత్తుకొచ్చింది. గవరమ్మ కూడా పీజీయే. ఇద్దరు గైడులను మార్చింది, నోటికి భయం లేనిది.

"సీ ఏంటి పుల్లన్నా, సీ! ఆ గుంటలో నీళ్లు తాగే కదా ఆ నక్క ఒంటికి నిగనిగ వచ్చింది! అప్పీలు పెట్టు. నేనొస్తా సాక్ష్యానికి. అందరి ముందూ కడిగేద్దాం!"

పుల్లన్న నేల మీద కూలబడ్డాడు. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు. అంత అలసిపోయాడు.

"అప్పీలు ఎవరు వింటారు గవరమ్మా?"

తాబేలు సమాధానం చెప్పింది. "ఆచార్యుల సంఘం వింటుంది. వానలు పడ్డాక కూర్చుంటుంది. ప్రస్తుతం అధ్యక్షులు నక్క ఆచార్యులవారే."

"బాగుంది. దొంగ చేతికి తాళాలు," అంది గవరమ్మ.

"ఇంకోటి," అని తాబేలు గొంతు సవరించుకుంది. "ఇది నేను చెప్పి తీరాలి. ప్రొబేషన్‌లో పడ్డ విద్యార్థి గైడు దగ్గర అసిస్టెంటు పని చేయకూడదు. చదువుకి టైము దొరకాలని పెట్టిన నిబంధన. చేస్తూ దొరికితే సీటు పోతుంది. మేత కూడా ఇవాళ్టి నుంచి బంద్."

"మేత కూడానా!" గవరమ్మ గడ్డం వణికింది. "ఏ పుణ్యాత్ముడు పెట్టాడమ్మా ఇది?"

"నక్క ఆచార్యులవారే. అప్పట్లో ఎలుగు ఆచార్యులకు అసిస్టెంట్లు ఎక్కువయ్యారని ఈయనగారికి కన్నుకుట్టింది. పట్టుబట్టి సభలో పాస్ చేయించారు. ఆయనకి గుర్తుండకపోవచ్చు. నిబంధనలు చదవాల్సింది విద్యార్థులు కదా."

పుల్లన్న వాగు వైపు చూశాడు. ఎండకు ఇసుక తళతళలాడుతోంది. మూడు ఎండాకాలాలు ఆ ఇసుకతో కాపురం చేసినవాడు, దాని గుణం అతనికి తెలుసు.

"అప్పీలు వద్దులే గవరమ్మా."

"ఊరికే ఒప్పేసుకుంటావా?"

"గురువుగారు వేసిన గ్రేడు, కాదంటే బాగుండదు. నా తరఫున ఇసుకే అప్పీలు చేస్తుంది," అని తుమ్మచెట్టు నీడకు పోయి పడుకున్నాడు. అక్కడికొచ్చాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదు.

మర్నాడు పొద్దున ఆచార్యులవారు అతిథులను తీసుకుని చెలమకు వెళ్తే, గట్లు కొంచెం జారి ఉన్నాయి. పిల్లవాడు అలిగాడనుకున్నారు. ఆ మర్నాటికి నీరు బురదయింది. ఇంకో రెండు రోజులకు చెలమ ఉన్నచోట పళ్లెమంత పల్లం తప్ప ఏమీ లేదు. ఈలోపు పుల్లన్న మాత్రం సుఖపడిందేమీ లేదు. గవరమ్మ కొమ్మలు వంచి దూసిపెట్టిన ఎండుటాకులు నములుతూ, దూరపు మడుగుకు నడిచి నీళ్లు తాగి వస్తూ, డొక్కలు తేలి ఉన్నాడు. ఒకసారి మనసాగక లేచి వాగు దాకా వెళ్లాడు కూడా. బొల్లడు గుర్తొచ్చి, సీటు పోతే వాడి గతేమిటని వెనక్కి వచ్చి పడుకున్నాడు.

తనిఖీకి ముందురోజు ఆచార్యులవారు తుమ్మచెట్టు కిందికి వచ్చారు. మీసాలు వాలిపోయి ఉన్నాయి.

"ఏరా పుల్లన్నా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. ప్రొబేషన్‌లో ఉన్నాను."

"ప్రొబేషన్‌దేముంది! రా, ఒక్కసారి ఆ ఇసుక తోసిపో."

"తోస్తే సీటు పోతుందట గురువుగారూ. తమరు పెట్టిన నిబంధనేనట."

నక్క దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఎవరూ చూడకుండా తోస్తే?"

"ఎద్దు ఇసుక తోస్తే దుమ్ము లేస్తుందండీ. అయిదు ఊళ్లకు కనబడుతుంది."

"తోడేలుకి చెబితే గుంటను ఇంకా పూడ్చింది. అడవి పందికి చెబితే అందులోనే పడుకుంది. నువ్వు తప్ప దిక్కులేదురా. సరే, ఏం చేయాలో చెప్పు!"

"నేనేం చెబుతానండీ. రిజిస్ట్రారుగారిని అడగండి."

ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. వెనకే గవరమ్మ, పిలవకపోయినా.

"గ్రేడు మార్చొచ్చు," అంది తాబేలు. "కానీ గైడు పొరపాటు తనదేనని ఒప్పుకోవాలి, నలుగురూ వినేలా."

ఆచార్యులవారు గొణిగారు. "పొరపాటు నాదే."

"వినపడలేదు," అంది గవరమ్మ.

"పొరపాటు నాదే! బీకి ఒక్క పిసరు తక్కువ వేసుకోండి."

తాబేలు లెక్క చూసింది. "సగటు ఇంకా గీత కిందే ఉందయ్యా. ప్రొబేషన్ పోదు."

"అబ్బ! అయితే బీ."

"బీ అంటే సరిగ్గా గీత మీద నిలబడ్డాడు. ప్రొబేషన్ తీసేయవచ్చు. ముద్ర వేసేయమంటారా? వేశాక మార్చడానికుండదు."

"వేసి చావండి, అవతల పొద్దు గుంకుతోంది!"

తాబేలు కాలు సిరాలో ముంచింది. ఎత్తింది. ఎక్కడ పెట్టాలో చూసుకుంది. ఆచార్యులవారు గిలగిలలాడిపోయారు. ఎట్టకేలకు ముద్ర పడింది.

"పద పద, చెలమకి!" అంది నక్క, ఎద్దును మూతితో తోస్తూ.

"ఎక్కడికయ్యా?" అంది తాబేలు. "బీ వచ్చిందంటే చివరి పేపరు పాసయినట్టు. అన్నీ అయిపోయాయి. ఇతనికి పట్టా వచ్చేసింది. పట్టా వచ్చినవాడు అసిస్టెంటుగా ఉండడు. ఇదీ నిబంధనే."

గవరమ్మ నవ్వాపుకోలేక గోడకు కొమ్ములు రుద్దుకుంది. ఆచార్యులవారు గొంతు మార్చారు.

"పుల్లన్నా, నాయనా. గురుదక్షిణ అనుకుని ఒక్కసారి..."

"ముందే ఇచ్చేశాను గురువుగారూ. మూడు ఎండాకాలాలు," అన్నాడు పుల్లన్న. ఆ మాట కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా. పట్టా మెడలో కట్టించుకుని, గవరమ్మ మొహాన్ని ఒకసారి నాకి, దిగువకు నడిచాడు.

ఇంటికి చేరి తమ్ముడి కాడి దింపించి, గంతలు తనే పళ్లతో విప్పాడు. బొల్లడు ఆగలేదు. గానుగ చుట్టూ అలాగే తిరుగుతున్నాడు. "అయిపోయిందిరా" అన్నా వినిపించుకోలేదు. పుల్లన్న ఇంకేమీ అనకుండా పక్కనే నడిచాడు, తమ్ముడి కాళ్లు వాటంతట అవి ఆగేదాకా. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

ఇక్కడ వాగులో ఏనుగమ్మ దిగింది. దారంతా ఎండ, గొంతు తడారిపోయి ఉంది. తొండంతో ఇసుకను తడిమింది.

"ఆచార్యా, ఊరూరా చెప్పుకునే చెలమ ఏది?"

"ఇక్కడే ఉండేది తల్లీ. కాస్త పూడింది."

"తీసింది మీరే కదా?"

ఆచార్యులవారు అటు చూశారు, ఇటు చూశారు. ఇన్నేళ్లు అందరి ముందూ చెప్పుకున్న మాట, కాదనడానికి నోరు రాలేదు.

"నేనే తల్లీ."

"మరేం, మళ్లీ తీయండి. నేనిక్కడే కూర్చుంటాను," అని ఏనుగమ్మ నీడ చూసుకుని కూర్చుంది.

ఆచార్యులవారు ఆ చిన్న కాళ్లతో గీకడం మొదలుపెట్టారు. పిడికెడు తీస్తే చారెడు జారింది. ఇటునుంచి గీకి, అటునుంచి గీకి, ఆ పల్లం చుట్టూ గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నారు. పీఠం పీజీలంతా ఒడ్డున చేరి, చాలాకాలం తర్వాత తోకలాడించారు.

తెగేదాకా లాగినవాడికి చేతిలో తాడే మిగులుతుంది, ఎద్దు మిగలదు.