పక్షిని మింగిన కొండ

ఒక ఊళ్లో తోలుబొమ్మలాట నేర్పే బడి ఉండేది. పట్టపగలే తలుపులేసి లోపల దీపం వెలిగించేవారు. మధ్యలో తెల్లటి తెర. దీపమూ, బొమ్మా, ఆడించేవాళ్లూ తెరకు ఒకవైపు. చూసేవాళ్లు రెండోవైపు. ఆడించేవాడి కళ్లు చేతిలో బొమ్మను వదిలి పక్కకు పోవు. ఎదుటినుంచి తన ఆట ఎలా ఉందో వాడికి జన్మలో తెలీదు. చిత్రంగా లేదూ!

అందుకని అక్కడో ఆనవాయితీ పెట్టుకున్నారు. రోజూ పాఠం అయ్యాక, నేర్పే అవ్వ రెండు ప్రశ్నలు వేసేది. ఆడించినవాణ్ణి, "ఇవాళ నీ చేతికేం తెలిసింది?" అని. తెర ముందు కూర్చున్న తోటిపిల్లల్ని, "మీ కంటికేం కనబడింది?" అని.

ఎర్రరెక్కల పక్షిని ఆడించే కుర్రాడొకడుండేవాడు. ఆ పక్షంటే వాడికి ప్రాణం. తెర ముందు కూర్చునే వంతు వస్తే మాత్రం ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. చూసేవాళ్లదేముంది, విద్యంతా ఆడించేవాడిదేగా అని ధీమా. తోటివాళ్లు కూడా రోజూ "అదిరింది రా" అనేవాళ్లు. స్నేహం కదా మరి!

రేపు జాతర అనగా అవ్వ కచ్చితంగా చెప్పేసింది.

"ఇవాళ పక్షి ఎగిరితే రేపు ఆడుతుంది. లేదంటే పెట్టెలోకి పోతుంది. మళ్లీ తీయను."

వాడు చెమటలు కక్కుతూ ఆడించాడు.

"నా చేతికి ఎగరడం తెలిసిందవ్వా!" అన్నాడు.

పిల్లలంతా బ్రహ్మాండం అన్నారు. జింకబొమ్మను ఆడించే పిల్ల ఒక్కతే నోరు మెదపలేదు.

"నీకేం కనబడిందే?" అంది అవ్వ.

"కొండ," అంది ఆ పిల్ల, గొంతు వణుకుతుంటే. "పక్షి ఎగరబోయినప్పుడల్లా కిందనుంచి నల్లటి కొండ లేచి మింగేస్తోంది."

వాడికి ఒళ్లు మండిపోయింది. "మన కథలో కొండెక్కడిదే? కళ్లు పోయాయా? నా పక్షి పెట్టెలోకి పోవాలనేగా నీ ఏడుపు!"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "అయితే నువ్వే వచ్చి ఇక్కడ కూర్చో. నేనాడిస్తా."

వాడు విసవిసా వచ్చి తెర ముందు చతికిలబడ్డాడు.

అమ్మో! తన చేతిలో ఎప్పుడూ వెలిసిపోయినట్టుండే రెక్కలు ఇవతల నిప్పుల్లా వెలుగుతున్నాయి. ఈకఈకకూ పొడిచిన చిల్లుల్లోంచి వెలుగు చిమ్ముతోంది. ఇన్నాళ్లూ తను పట్టుకున్నది దీన్నా! వాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

అంతలో కిందనుంచి నల్లటి కొండ లేచింది. పక్షిని మింగేసింది. ఆ కొండకు ఒక జడ ఉంది.

వాడి చెయ్యి దానంతటదే తన చింపిరి తల మీదికి పోయింది.

"ఏం కనబడిందిరా?" అంది అవ్వ.

చెబితే ఆ పిల్ల మొహం చిన్నబోతుంది. బాగుందని అనేస్తే ఎంత హాయి! ఇందాక ఆ పిల్ల గొంతెందుకు వణికిందో వాడికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"కొండే," అన్నాడు మెల్లగా. "దానికి జడ కూడా ఉందే."

తెర మీది కొండ తన జడను తనే తడుముకుంది. రెండువైపులా ఒకేసారి నవ్వులు.

జాతరలో ఆ ఇద్దరూ నేల మీద మోకరిల్లి, తలలు వంచి, చేతులు మాత్రం పైకెత్తి చెరో రెక్కా ఆడించారు. తెర దించాక అవ్వ ఎప్పటిలాగే అడిగింది.

"మీ చేతులకేం తెలిసింది?"

"ఏమీ తెలీలేదవ్వా," అన్నాడు వాడు. "పక్షి మాకు కనబడనేలేదు. అవతల జనమంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. అదొక్కటే వినబడింది."

రెండో ప్రశ్న అడగడానికి అవ్వ ముందుకు వెళ్లింది. జనంలో ఒక్కరూ లేవలేదు. ఎవరూ ఆమెవైపు చూడలేదు. అంతా తలలెత్తి ఆకాశంలో దేన్నో వెతుకుతున్నారు.