బం పతకం

“కంప్యూటరు తప్పు చూపించలేదంటే మనం రాసింది ఒప్పే కదా మాస్టారూ?” అని అడిగింది హిమజ.

కామేశం మాస్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అసలు ఆయన దగ్గర జవాబులు ఉన్నాయా, టీ మాత్రమే ఉందా అని శిష్యులకు చాలాకాలంగా అనుమానం. ఎవరేమడిగినా ఆయన గ్లాసులోకి కాసేపు చూసేవారు, ఆ తరవాత ఏదో ఒక పని అప్పగించేవారు. విజయనగరంలో మందుల షాపు మేడమీది ఆ గదిలో చదువంతా అలాగే సాగేది.

హిమజ అప్పుడు కంప్యూటరు భాష పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు సాధన చేస్తోంది. కావలసిన మాట ఎలా ఉంటుందో ఒక నమూనా రాసిస్తే, ఎంత పెద్ద రాతలోనైనా దానికి సరిపోయేవన్నీ వెతికి పట్టే విద్య అది. పట్టినవాటిని మార్చవచ్చు, తీసి పారేయనూవచ్చు. పాపం, ఆ పిల్ల దాంతో ప్రేమలో పడిపోయింది. పాలప్యాకెట్టు మీద తేదీ కనిపించినా దానికో నమూనా కట్టేది. పెళ్లిచూపులకొచ్చినవాడి ఫోన్ నంబరును కూడా అలాగే పరీక్షించిందని గదిలో ఒక పుకారు. ఆమె ఖండించలేదు.

మాస్టారు గ్లాసు కింద పెట్టి ఒక పని ఇచ్చారు. ఊళ్లో బరువులెత్తే కుర్రాళ్ల తాలింఖానా ఒకటుంది. దాని ఉత్సవానికి పాత వస్తాదులందరి కథలతో సంచిక వేస్తున్నారు. అందులో కొందరి పేర్ల వెనక ‘గారు’ ఉంది, కొందరికి లేదు. లేనివాళ్లు కమిటీ మీటింగులో కుర్చీలెత్తారు. వాళ్లకది పెద్ద బరువు కాదు. చివరికి పేర్ల వెనక ‘గారు’ ఎవరికీ వద్దని తీర్మానించారు. ఆ గారులన్నీ తీసేసి సంచికను సిద్ధం చెయ్యమన్నారు మాస్టారు.

హిమజకు ఇది పరాయి పని కాదు. అందులో ఒక పేజీ వాళ్ల నాన్న సింహాచలానిది. ఆయన ఇప్పుడు గూడ్సు షెడ్డులో కళాసీ. వయసులో ఉండగా అఖిల భారత పోటీల్లో బంగారు పతకం గెలిచాడు. ఆ పతకాన్ని ఒక తుపాను ఇంటికప్పుతో సహా పట్టుకుపోయింది. అప్పట్నించీ ఆయన మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. తోటి కళాసీ సూరి “ఇత్తడేమో మావా, సరిగ్గా గుర్తు తెచ్చుకో” అని రోజూ ఆటపట్టించేవాడు. సింహాచలం నవ్వేసి మూట ఎత్తుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు.

హిమజ తెలివైనదే. వేరే మాటల కడుపులో ఉన్న ‘గారు’ జోలికి పోకూడదని ఆమెకు తెలుసు. అందుకని నమూనాకు ముందు ‘మాట ఇక్కడే మొదలవ్వాలి’ అని చెప్పే గుర్తు ఒకటి పెట్టింది. ‘రాజు గారు’ మీద ప్రయోగిస్తే గారు ఎగిరిపోయింది. ‘మామగారు’ మీద ప్రయోగిస్తే మామగారు చెక్కుచెదరలేదు. కంప్యూటరు కిక్కురుమనలేదు. మొత్తం సంచిక మీద నమూనాను వదిలి, మాస్టారికి చూపించకుండానే ప్రెస్సుకు పంపించేసి, నాన్నకు ఫోన్ చేసింది.

షెడ్డు నుంచి సింహాచలం నేరుగా వచ్చాడు. సాక్షిగా సూరిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయని, పేజీ నువ్వే చదవమని కూతుర్ని అడిగి, తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హిమజ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“బొద్దాన సింహాచలం అఖిల భారత పోటీల్లో బం పతకం గెలిచారు. ఇంకా బరువు పెంచమంటారా అని నిర్వాహకులు అడి. ఆయన కం పడలేదు.”

హిమజ కళ్లు ఆ వాక్యం మీదే అతుక్కుపోయాయి. మళ్లీ చూసింది. బం పతకమే.

“బం పతకమేటి మావా? ఇత్తడికి ఇంగ్లీసు పేరా?” అన్నాడు సూరి. అన్నాక సింహాచలం మొహం చూసి, ఎందుకన్నానా అనుకున్నవాడిలా గోడమీది కేలెండరు వైపు తిరిగిపోయాడు.

సింహాచలం తలపాగా గుడ్డను మడతపెట్టాడు. మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు. “అచ్చులోన కూడా బంగారం ఇయ్యనేదన్నమాట” అన్నాడు.

హిమజ ప్రెస్సుకు ఫోన్ చేసింది. ఆపండి, ఆపండి అని అరిచింది. మొదటి కాగితాలు మిషను దిగిపోయాయని, నాన్నగారి పేజీ ఇంకా ఎక్కలేదని ప్రెస్సాయన చెప్పాడు. అధ్యక్షుడి సందేశంలో ‘యువతకు బం బాట’ అని కనిపిస్తే ఏదో కొత్త సర్కారు పథకమనుకున్నామని కూడా చెప్పాడు. ఇంకెప్పుడైనా అయితే అందరికంటే ముందు హిమజే నవ్వేది.

ఫోన్ పెట్టేసి ఆమె మాస్టారి వైపు తిరిగింది. గుర్తు పెట్టానని, మామగారి మీద పరీక్షించానని, ఎక్కడా తప్పు చూపించలేదని గబగబా చెప్పుకొచ్చింది. మాస్టారు తెరమీద ‘బంగారు’ అని టైపు చేసి, నడిమి సున్న మీద వేలు పెట్టారు.

“ఇది నీకు అక్షరం. దానికి కాదు. సున్న దగ్గర మాట అయిపోయిందనుకుంది. ‘గారు’ దగ్గర కొత్త మాట మొదలైందనుకుంది. ‘అడిగారు’లో గుడి దగ్గరా అంతే. నువ్వు చెప్పినట్టే చేసిందమ్మా.”

మామగారులో గారుకు ముందు సున్నా లేదు, గుడీ లేదు. అది ఆమెకు అప్పుడు తట్టింది. తను పరీక్ష పెట్టింది పాసయ్యే మాటకే. అయితే ఇంకే గుర్తు పెట్టాలి, ఏ నమూనా అయితే తప్పు జరగదు అని అడుగుతూనే కీబోర్డు మీదికి వంగింది.

మాస్టారు కీబోర్డును పక్కకు జరిపారు. కమిటీవాళ్లు ఇచ్చిన అసలు ప్రతిలో సింహాచలం పేజీ తెరిచి ఆమె ముందుంచారు.

“ముందు చదువమ్మా” అన్నారు. “ఆయన వింటున్నారు.”